ఉప్పు చేబదులు

"స్టూలు గట్టిగ వట్టుకో తాతా. నేను కిందవడి సచ్చిననుకో, నా పెండ్లానికి దిక్కుండదు," అని ఫ్యాన్ విప్పుతూ పైనుంచి నవ్వాడు శశికిరణ్. ఆనంద్ పాల్ పట్టుకున్నాడు. కళ్లముందు వాడి పాదాలు. శుభ్రంగా ఉన్నాయి, గోళ్లు పద్ధతిగా కత్తిరించి ఉన్నాయి. ఈ పాదాలు ఏం చేస్తాయో తెలియనివాడు చూస్తే బుద్ధిమంతుడి పాదాలే అనుకుంటాడు. స్టూలుకి ఒక కాలు కొంచెం పొట్టి. ఒక్క తోపు చాలు. ఆ ఆలోచన వచ్చింది, పోయింది, మళ్లీ వచ్చి పక్కనే చతికిలబడింది. వద్దు. తోయడం సులువు. ఇవాళ్టి పని తోయడం కాదు, పట్టుకోవడం. వాణ్ని ఈ గదిలో, ఈ స్టూలు మీద, చేతులు పైకెత్తించి, వీపు తలుపు వైపు ఉండేలా నిలబెట్టి ఉంచడం. ఎదురు పోర్షన్‌లోంచి వాడి భార్య భాగ్య నాలుగేళ్ల పిల్లను చంకనేసుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని, మెట్లు దిగి, సందు చివర ఆగిన ఆటో ఎక్కి, అబిడ్స్‌లో బట్టల దుకాణం పైనున్న ఆడవాళ్ల సెంటర్ గేటు లోపలికి చేరేదాకా. చేరాక ఆకుకూరల యాదవ్వ ఫోన్ చేస్తుంది. ఒక్కసారి మోగి ఆగిపోతుంది, అదీ ఒప్పందం. ఫోన్ అంగీ జేబులో ఉంది. అది మోగేదాకా ఈ ఫ్యాన్ తిరగకూడదు.

ఫ్యాన్ దానంతటది చెడిపోలేదు. పొద్దున చాయ తాగి, ఇదే స్టూలెక్కి, కండెన్సర్ వైరు తనే పీకాడు. శశికిరణ్ ఇన్వర్టర్లు, ఏసీలు బాగుచేసేవాడు. పని చూస్తే ఆగలేడు, పనితనం ఎవరైనా మెచ్చుకుంటే అసలే ఆగలేడు. "నీ చెయ్యి వడితె ఏదైన నడుస్తదంట గద," అన్నాడు ఆనంద్ పాల్ పొద్దున వాడి గడపలో నిలబడి. ఆ మాట నోట్లోంచి రావడానికి రాత్రంతా సాధన చేయాల్సి వచ్చింది. పనిదినాల్లో వాడు పోతూ పోతూ తలుపుకి బయటినుంచి తాళం వేసి, చెవి జేబులో వేసుకుపోతాడు. దొంగలు తిరుగుతున్నరు తాతా, అంటాడు. కాబట్టి భాగ్య బయటపడాలంటే వాడు ఇంట్లో ఉన్న రోజే బయటపడాలి. తాళం పగలగొడదామని ఆనంద్ పాల్ సుత్తె తీశాడు కూడా. యాదవ్వ ఒప్పుకోలేదు. "నువ్వు తాళం వలగ్గొడితె నువ్వు తీస్కపోయినట్టయితది అన్నా. ఆమె తన కాళ్లతోని నడిచి రావాలె. ఏ దినమో గూడ ఆమెనే జెప్పాలె. మా సెంటర్ల గదే కాయిదా." ఆ నియమం ఆయనకు నచ్చలేదు. పీనుగ లేచాక పాటించే కాయిదాలే ఆయన చూసినవన్నీ. అయినా ఊరుకున్నాడు. భాగ్య చెప్పింది ఈ ఆదివారం.

యాదవ్వ ఈ సందులో ఆకుకూరలు అమ్ముతుంది. ఒకప్పుడు తనూ మొగుడి దెబ్బలు తిని ఆ సెంటర్ మెట్లెక్కినదే. ఇప్పుడు బస్తీల్లో ఆ సెంటర్‌కి కళ్లూ చెవులూ అలాంటి ఆడవాళ్లే. భాగ్య కిటికీలోంచి తాడుకు కట్టిన సంచి కిందికి వదిలేది, యాదవ్వ రెండు కట్టలు వేసేది, సంచి పైకి పోయేది. చాలా రోజులు యాదవ్వకు కనపడింది ఒక చెయ్యే. ఆ చెయ్యి ఎర్రబడడం, నల్లబడడం, పసుపు పచ్చగా మారడం చూసింది. ఒకరోజు తలెత్తి, తోటకూర ధర చెప్పే గొంతుతోనే, "బిడ్డా, అబిడ్స్‌ల ఒక జాగ ఉన్నది, నీ అసొంటోళ్లకే. నువ్వు ఎప్పుడంటె అప్పుడు," అంది. తాడు కాసేపు కదల్లేదు. తర్వాత పైకి పోయింది. ఆ సాయంత్రమే యాదవ్వ మెట్లెక్కి వచ్చి ఈయన తలుపు కొట్టింది. "ఎదురుంగనే ఉంటవు. చెవులు మంచిగనే ఉన్నయి గద?" "ఉన్నయి." "మరేం జేస్తున్నవ్ అన్నా?" తలుపు ఆమె మొహం మీదే వేశాడు. మర్నాడు ఆమె కోసం ఆయనే కిందికి దిగాడు.

ఆమె అడిగిన పని చిన్నది. లొల్లి వినపడగానే పోయి తలుపు కొట్టు. ఏదన్న అడుగు. వాణ్ని తిట్టకు, బుద్ధి జెప్పకు. లేసిన చెయ్యి దిగుతది, గంతే. వినడానికి ఇంతే. కానీ ఆనంద్ పాల్ పుట్టి బుద్ధెరిగాక ఎవరినీ ఏదీ అడగలేదు. మెదక్ దిక్కు పల్లెలో తండ్రి కూలి మనిషి, గంజి లేని పూట కూడా పక్కింటి పొగ వైపు చూడనిచ్చేవాడు కాదు. అందుకే మొదటిసారి అది అంత చెడింది. దీపాలు పెట్టే వేళ. గోడకు ఏదో తగిలిన చప్పుడు, తర్వాత పిల్ల ఏడుపు సగంలో ఆగిపోవడం. గిన్నె పట్టుకుని పోయి తలుపు కొట్టాడు. "ఉప్పు," అన్నాడు. ఒక్క ముక్క. శశికిరణ్ తలుపు తీశాడు, రొప్పుతూనే నవ్వాడు. "ఏంది తాతా, ఏడాది సంది ఎదురుంగ ఉన్నం, నమస్తె వెడితె తిరిగి నమస్తె వెట్టవు. గిప్పుడు ఉప్పా? మీ కిరస్తానపోళ్లకు పట్టింపు లేకపోవచ్చు గని, దీపాలు వెట్టినంక మా ఇండ్లల్ల ఉప్పు గడప దాటదు." అది ఆనంద్ పాల్‌కి తెలియదు. అడగరాని వేళ, అడగరాని వస్తువే అడిగాడు. ఖాళీ గిన్నెతో వెనక్కి తిరిగాడు. తలుపు మూసుకున్నాక లోపల గొంతు తగ్గింది. "ముసలోనికి ఏం జెప్పినవే?" ఆ వారమంతా సంచి కిందికి దిగలేదు.

యాదవ్వ నడిసందులో దులిపేసింది. "గిన్నె వట్టుకోని దొంగ లెక్క నిలబడ్డవా? అడుగుడు అలవాటున్నోడు అడిగితె ఎవడు పట్టించుకోడు. నీ అసొంటోడు అడిగితె ఊరంత లేసి సూస్తది. మంచి దినాలల్ల గూడ అడుగు. దినాం అడుగు. ఇజ్జత్ పోతదా? పోనియ్యి, నీ ఇజ్జత్‌ను ఎవరన్న వండుకోని తింటరా?"

"తాతా, టార్చ్ గిట్ల ఉన్నదా? లోపల ఏం కనవడ్తలేదు." ఉంది, గూట్లో ఉంది. ఆనంద్ పాల్ గూడంతా వెతికి, తలగడ కింద వెతికి, ట్రంకుపెట్టె వెనక వెతికి, చివరికి గూట్లోంచి తీసి ఇచ్చాడు. ఎదురు తలుపు వైపు చూడలేదు. చూడొద్దని యాదవ్వ ముందే చెప్పింది, మనిషి కన్ను పోయిన చోటికే ఎదుటివాడి కన్నూ పోతుందని. టార్చ్ అందించి మళ్లీ స్టూలు పట్టుకున్నాడు.

అడిగాడు. ఆ తిట్లు తిన్న మర్నాటి నుంచి ఉల్లిగడ్డ అడిగాడు, అగ్గిపెట్టె అడిగాడు, చారెడు బియ్యం అడిగాడు, నిన్నటి పేపర్ అడిగాడు. వాడు పక్కనే కూర్చుని ఫోన్ చూసుకుంటూ ఉన్నప్పుడే అడిగాడు. మొదటి రోజుల్లో గడప దగ్గర నిలబడితే తండ్రి చెయ్యి వీపు మీద పడినట్టుండేది. తర్వాత వీపు మొద్దుబారింది. బిల్డింగంతా చెప్పుకుంది. కింది పోర్షన్ అహల్య టీచరమ్మ, రిటైరైనా గొంతు రిటైర్ కాని మనిషి, మెట్ల మీదే అనేసింది. "పాల్ గారూ, పింఛన్ ఏమన్న బందయిందా? ఈ మధ్య గిన్నె వట్టుకోని తిరుగుతున్నరు." ఆయన పక్కనుంచి మెట్లెక్కేశాడు. చెప్పాలంటే చాలా ఉంది. భార్య రత్నమణి ఉన్నన్నాళ్లు ఈ మెట్లెక్కని చెయ్యి లేదు. తోడు పెరుగు, కరివేపాకు, ఇడ్లీ పాత్ర, జ్వరానికి మాత్ర. లేదనే మాట ఆమెకు రాదు. అంచు మీద చుక్కలు చుక్కలుగా పేరు కొట్టించిన స్టీలు గిన్నెలు ఆమె పుట్టింటివాళ్లు పెట్టినవి, వాటితోనే ఇచ్చేది. తిరిగొచ్చే గిన్నె ఖాళీగా రాకూడదంటారు, కొన్ని అసలు రానేలేదు. ఆమె పోయాక ఆదరణ కూడికకు అందరూ వచ్చారు. తెల్లబట్టల పెద్దలు ప్రార్థన చేశారు, జనం భోజనం చేశారు, చేతులు కడుక్కున్నారు, పోయారు. మళ్లీ ఈ తలుపు కొట్టిన చెయ్యి లేదు. ఇచ్చే మనిషి పోయిందిగా. ఆ రోజు నుంచి ఆనంద్ పాల్ ఈ బిల్డింగ్‌లో ఒక్కరి నమస్తే కూడా తీసుకోలేదు. క్షమించమని వాక్యం ఉంది. వాక్యం ఆయనకు కంఠతా వచ్చు. రావడం వేరు.

భాగ్య దగ్గర అడగడం అలవాటైన కొన్నాళ్లకు ఒకరోజు గిన్నె అడుగున ఏదో గట్టిగా తగిలింది. ఇంటికొచ్చి బియ్యం వంచి చూస్తే పిల్ల పట్టీలు. అప్పుడు అర్థమైంది, ఆ అమ్మాయి సర్దుకోవడం మొదలుపెట్టిందని. పట్టీలే ఎందుకు ముందు పంపిందో ఇవాళ, ఈ స్టూలు పట్టుకున్నాక, ఇంకా బాగా అర్థమవుతోంది. పిల్ల అడుగులు చప్పుడు చేయకూడదు. పట్టీల కొక్కెం ఊడిందని వాడికి చెప్పి ఉంటుంది. తర్వాత కందిపప్పు కింద పదో తరగతి మెమో, మడిచి మడిచి. పిండి కింద టీకాల కార్డు. ఉల్లిగడ్డల కింద పిల్ల గౌను. వాడు ఫోన్‌లో క్రికెట్ చూస్తూ, "ఇంకొంచెం వెయ్యవే, ముసలోడు ఒక్కడే ఉంటడు," అని తనే దయ చూపించేవాడు. ఒక కాపురం సగం అలా, వాడి కళ్లముందే, చారెడు చారెడుగా గడప దాటింది. ఆనంద్ పాల్ అవన్నీ కూరగాయల సంచిలో వేసుకుని అబిడ్స్‌కి నడిచేవాడు. ముప్పయ్యేళ్లు అక్కడే ఒక ప్రెస్సులో పుస్తకాలు బైండింగ్ చేశాడు, ఆ తోవ కాళ్లకే తెలుసు. సెంటర్‌లో మేడం చాయ ఇస్తే తాగేవాడు కాదు. సంచి కుమ్మరించి వచ్చేసేవాడు. పోయిన వారం భాగ్య దగ్గర కొబ్బరినూనె అడిగి తెచ్చి, వాడు స్నానానికి పోయినప్పుడు ఆ నూనే వాళ్ల తలుపు బందులకు పోశాడు. వాళ్ల నూనె, వాళ్ల తలుపు. అది అప్పు కిందికి రాదు.

ఇప్పుడు వింటున్నాడు. ఏమీ వినపడకపోవడం కోసం వింటున్నాడు. స్టేషన్ వైపు నుంచి రైలు కూత, సందులో పాత ఇనుము కొనేవాడి కేక, ఎవరింట్లోనో టీవీ. ఎదురు పోర్షన్ నుంచి ఏమీ లేదు. తలుపు కిర్రుమనలేదు. పట్టీలు మోగలేదు. పోయిందా, ఇంకా గడపలోనే నిలబడి ఉందా? ధైర్యం చాలక తిరిగి లోపలికి పోయిందా? గోడ అవతలి చప్పుడు చెవిన పడడం ఆయనకు బళ్లోనే అలవాటు. ఊళ్లో బడి గోడకి అవతల కమ్మరి ఇల్లు. కమ్మరి భార్యను కొట్టే రోజు నాలుగో తరగతికంతా వినపడేది. సారు చెడ్డవాడు కాదు. పిల్లల చెవిన పడకూడదని, ఎక్కాలు ఎత్తుకోండిరా అనేవాడు. గట్టిగా, ఇంకా గట్టిగా. అందరూ కళ్లు మూసుకుని అరిచేవాళ్లు. పన్నెండో ఎక్కం ఆనంద్ పాల్‌కి నిద్రలో లేపి అడిగినా తప్పు పోదు. ఆమె కేకల మీద నేర్చుకున్న ఎక్కం. ఆ బడిలో చదివినవాళ్లెవరికీ ఆ ఎక్కం తప్పు పోదు. చివరికి ఆమెను బావి దగ్గర పడుకోబెట్టినప్పుడు కూడా, కాలు జారిందట, అన్నారు ఊరంతా, ఒకే గొంతుతో, ఎక్కం అప్పజెప్పినట్టు.

"తాతా." పైనుంచి గొంతు మారింది. "గీ వైరు ఊడలే. ఎవడో వీకిండు."

ఆనంద్ పాల్ పాదాలే చూస్తున్నాడు. "ఎలుకలున్నయి."

"ఎలుక కొరుకుతది గని స్క్రూ విప్పుతదా?" నవ్వాడు. "నువ్వే గెలికినవ్ గద? ఎరుకే. చేతగాని పనిల చెయ్యి వెట్టి, చెడగొట్టి, నన్ను విలిచినవ్. మా నాయిన గూడ గిట్లనే."

"ఔ. గెలికిన."

వాడికి ఆ ఒప్పుకోలు ఇష్టమైంది. ముసలివాళ్ల తెలివితక్కువతనం గురించి, వాళ్ల నాన్న పాడుచేసిన రేడియో గురించి చెప్పుకుంటూ పోయాడు. మంచి కథకుడే. బిల్డింగ్‌లో అందరికీ ఇష్టుడు కూడా. బల్బు పోయిందంటే పైసా తీసుకోకుండా వేసిపోతాడు. కొట్టేవాడి మొహం మీద రాసి ఉంటే యాదవ్వలాంటివాళ్లకు పనే ఉండదు. ఆనంద్ పాల్ ఊ కొడుతూ లెక్క చూసుకున్నాడు. ఆటో సందు దాటి ఉండాలి. కానీ ఇవాళ ఆదివారం. అబిడ్స్‌లో ఫుట్‌పాత్ నిండా పాత పుస్తకాలు పరుస్తారు, జనం రోడ్డు మీదే నిలబడి తిరగేస్తారు. ఆయన చేత్తో కుట్టిన పుస్తకాలు కూడా అక్కడ మట్టిలో పడి ఉంటాయి. ఆ గుంపులో ఆటో ఇరుక్కుంటే? ముందే అనుకోవాల్సింది. ఎవరూ అనుకోలేదు. ఫోన్ జేబులో రాయిలా ఉంది.

"ఇగ సూడు," అన్నాడు శశికిరణ్, స్టూలు దిగుతూ. స్విచ్ వేశాడు.

ఫ్యాన్ తిరిగింది. రత్నమణి ఫోటో మీది పూసలదండ కదిలింది. ఇంకా టైం ఉండాల్సింది. "చాయ తాగి పో," అన్నాడు ఆనంద్ పాల్. జీవితంలో ఎవరినీ అలా పిలవలేదు, అందుకే ఆ మాట కూడా ఉప్పు అన్నంత మొరటుగా వచ్చింది. "వద్దు తాతా, అన్నం టైమయింది," అని వాడు చేతులు దులుపుకుని, గుమ్మంలోంచే కేకేశాడు. "భాగ్యా, సబ్బు తీసుకరా!" జవాబు లేదు. "ఏయ్, భాగ్యా!" అటు నడిచాడు.

ఆలోచించే పని ఇక లేదు. ఆనంద్ పాల్ గట్టు మీది గిన్నె తీసుకున్నాడు. తలుపు దాటి, మెట్ల మలుపు దగ్గరికి పోయి నిలబడ్డాడు. నిజాం కాలం నాటి రాతిమెట్లు, మనిషి పక్కన మనిషి పట్టనంత ఇరుకు. ఎదురు పోర్షన్‌లో తలుపులు దడదడా కొట్టుకున్నాయి, వంటగది, స్నానాలగది, మళ్లీ వంటగది. తర్వాత వాడు బయటికొచ్చాడు. మొహంలో ఇందాకటి కథకుడు లేడు.

"జరుగు."

"జర ఉప్పుంటె ఇయ్యి బిడ్డా," అన్నాడు ఆనంద్ పాల్, గిన్నె చాపి.

"జరుగంటున్న!"

"కూర పొయ్యి మీద ఉన్నది. ఉప్పు లేదు."

వాడి కళ్లు గిన్నె మీద పడ్డాయి. అక్కడే ఆగాయి. ఉల్లిగడ్డ, అగ్గిపెట్టె, పప్పు, పిండి, నూనె ఒక్కొక్కటే వాడి కళ్లలో వెనక్కి నడవడం ఆనంద్ పాల్ చూశాడు. "నువ్వా," అన్నాడు వాడు మెల్లగా. కాలర్ పట్టుకున్నాడు. మెడ దగ్గర గుండీ తెగి మెట్ల మీద దొర్లుకుంటూ పోయింది. "యాడికి వంపినవ్ ముసలోడా? చెప్తవా, దొర్లిస్తనా?" ఇన్నాళ్లు గోడ అవతల విన్న గొంతు ఇంత దగ్గరగా వినడం ఇదే మొదలు. దొర్లిస్తే దొర్లించనీ. తను అడ్డంగా పడితే వాడు తనను దాటుకుని పోవాలి, దానికీ కొంచెం టైం పడుతుంది. జేబులో ఫోన్ మోగలేదు. ఎడమ చేత్తో గోడలో ఉన్న ఇనుప కడ్డీ పట్టుకున్నాడు. ఊపిరి అందినంత మేర, బడిలో ఎక్కం ఎత్తుకున్నంత గట్టిగా అరిచాడు. "ఉప్పూ! ఎవరింట్లనన్న ఉప్పున్నదా!"

కింద తలుపు తెరుచుకుంది. "ఏందయ్యా ఈ లొల్లి?" అహల్య టీచరమ్మ. చేతికి పిండి. పైకి చూసింది. కాలర్ పట్టుకున్న చెయ్యి చూసింది. ముసలాయన చేతిలో ఖాళీ గిన్నె చూసింది. బార్లా తెరిచి ఉన్న ఎదురు తలుపు, లోపల పిల్ల మాట లేకపోవడం, అన్నీ చూసింది. వెనక్కి తిరిగి లోపలికి పోయింది.

పోతుంది. ఎప్పుడూ పోయేవాళ్లే, అనుకున్నాడు ఆనంద్ పాల్.

వచ్చింది. చీర కుచ్చెళ్లు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని మెట్లెక్కి వచ్చి, ఉప్పు గిన్నె చేతికివ్వకుండా ఆయన కాళ్ల దగ్గర మెట్టు మీద పెట్టింది. ఉప్పు చేతికి చేతికి ఇస్తే తగువొస్తుందంటారు. పెట్టి కిందికి దిగలేదు. పట్టని మెట్టు మీద ఆయన పక్కనే ఇరుక్కుని, గోడకు భుజం ఆనించి నిలబడింది. "శశికిరణ్, పెద్దమనిషి మీంచి చెయ్యి తియ్యి," అంది, వెనక బెంచీ పిల్లాడితో మాట్లాడినట్టు. "టీచరమ్మా, మీకు తెల్వదు, మీరు జరుగున్రి." "నాకేం తెల్వదో తర్వాత జెప్పు. ముందు చెయ్యి తియ్యి." మూడో పోర్షన్ తలుపు కూడా తెరుచుకుంది. చెయ్యి సడలింది, కానీ వాడు అక్కడే నిలబడి ఉన్నాడు, రొప్పుతూ.

ఆనంద్ పాల్ కిందికి చూశాడు. మెట్టు మీది గిన్నె అంచున చుక్కలు చుక్కలుగా ఉంది పేరు. రత్నమణి. ఎన్నేళ్ల నుంచి ఈమె దగ్గర ఉందో. అడగాలి. ఇప్పుడు కాదు, తీరిగ్గా అడగాలి, ఈ సంగతి ఊరికే వదిలేది లేదు.

జేబులో ఫోన్ మోగింది. ఒక్కసారి. ఆగిపోయింది.

అయినా ఆయన పక్కకు జరగలేదు.